ముట్టుకోని కబడ్డీ

బడులు మూసేసిన కాలమంతా కొత్తమెట్ట బాలికల ఉన్నత పాఠశాల మైదానంలో ఆటలాడింది మేకలే. అవి మాస్కులు పెట్టుకోలేదు, ఎడం పాటించలేదు. ఒకదాన్నొకటి కొమ్ములతో కుమ్ముకుంటూ, మోకాలెత్తు పెరిగిన గడ్డిని శుభ్రంగా మేసి బలిశాయి. అందుకని బడి తెరిచిన రోజున వ్యాయామ ఉపాధ్యాయుడు పైడినాయుడికి చేయాల్సిన పని పెద్దగా మిగల్లేదు. పెంటికలు ఊడ్పించి, సున్నంతో కబడ్డీ గీతలు గీసి, ఈల మెడలో వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు.

పిల్లలు వచ్చారు. అందరూ ఎదిగిపోయారు, యూనిఫాములు మాత్రం ఎదగలేదు. కొందరు రాలేదు. ఎందుకు రాలేదో అడక్కుండానే తెలిసిపోయే ఊరది. కబడ్డీ జట్టు మాత్రం మొత్తం వచ్చింది. కెప్టెన్ ఝాన్సీ ముందు నడుస్తోంది. అందరికంటే వెనక, చేతులు వీపు వెనక దాచుకుని నీలవేణి వచ్చింది. కూతకి వెళ్లిందంటే అవతలి జట్టులో ఇద్దర్నైనా ముట్టుకోకుండా తిరిగిరాని పిల్ల.

"ఏటే, సేతులు దాస్తన్నావు?" అన్నాడు పైడినాయుడు.

నీలవేణి చేతులు చాపింది. వేళ్ల చివర్లు నల్లగా మాడి, తోలు పొరలు పొరలుగా లేచి ఉంది.

"అమ్మతోటి జీడి కార్ఖానాకి ఎల్లినాను మాస్టారూ. జీడిపిక్కలు కొడతంటే సొన అంటుకుంటాది. తోలు ఊడిపోయి మళ్లీ వొస్తాది లెండి."

"పట్టు తగ్గిందేటి?"

ఆ పిల్ల జవాబుగా మాస్టారి మణికట్టు పట్టుకుంది. ఆయన విడిపించుకోబోయి, విడిపించుకోలేక, చివరికి నవ్వేశాడు.

అప్పటికే జిల్లా కేంద్రంలో ఆడపిల్లలకి క్రీడా వసతి గృహం తెరవబోతున్నట్టు ప్రకటన వచ్చింది. జిల్లా కబడ్డీ పోటీల్లో గెలిచిన జట్టుకి నేరుగా సీట్లు. తిండి, పడక, చదువు, ఆట అన్నీ అక్కడే. నీలవేణి తల్లి దాలమ్మ అంతకుముందు రోజే బడికి వచ్చి, ఉన్న మాట తేల్చి చెప్పి వెళ్లింది.

"పోటీల దాకా పంపుతాను మాస్టారూ. సీటొచ్చిందా, మా గుంట నీలవేణిని మీరే తోలుకెల్లండి. రాలేదా, కార్ఖానాలో నా పక్కన ఇంకో పీట ఏయించీస్తాను. ఇంట్లో కూకోబెట్టి మేపడానికి మా కాడ ఏటుంది?"

అందులో పైడినాయుడికి భయపడాల్సిందేమీ కనిపించలేదు. జిల్లాలో నీలవేణిని పట్టి ఆపగల జట్టు లేదని ఆయనకి తెలుసు. ఆయనకి తెలియనిదల్లా, ఆ ఏడు పట్టడమే నేరమవుతుందని.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. దాని పేరు 'మళ్లీ మైదానానికి'. హెడ్మాస్టరు సత్యానందం గారు ఉపాధ్యాయులందర్నీ కూర్చోబెట్టి, లేచి నిలబడి దాన్ని చదివారు. ఉత్తర్వుల్ని ఆయన కూర్చుని చదివిన పాపాన పోలేదు.

"విద్యార్థినుల సర్వతోముఖ వికాసమును దృష్టియందుంచుకొని, లాక్‌డౌన్ కారణముగా నిలిచిపోయిన సహపాఠ్య కార్యక్రమములన్నియు తక్షణమే పునఃప్రారంభించవలెను. అయితే పాల్గొనువారి మధ్య ఎల్లవేళలా ఆరడుగుల ఎడం ఉండవలెను. ఏ విద్యార్థినియు మరొక విద్యార్థినిని ఏ పరిస్థితిలోనూ తాకరాదు."

పాటల పోటీల్లో పిల్లలు పెదవులు కలిపి ఉంచి పాడాలని కూడా అందులో ఉంది. ఈ భాగాన్ని సంగీతం టీచరు ఆ సాయంత్రమే అమలు చేసింది. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఆవిడ కోరుకుంటున్నది అదే.

పైడినాయుడు లేచాడు. "సార్, కబడ్డీ అంటేనే ముట్టుకోడం కదండీ."

"కబడ్డీ ఆపమనలేదే! పునఃప్రారంభించమన్నారు," అన్నారు సత్యానందం గారు.

"ముట్టుకోకుండా ఎలగండీ?"

"అది ఉత్తర్వులో లేదు. ఉత్తర్వులో లేనిదాని గురించి నేను మాట్లాడను."

పైడినాయుడు మర్నాడే బస్సెక్కి జిల్లా కేంద్రానికి వెళ్లాడు. 'మళ్లీ మైదానానికి' ప్రత్యేకాధికారి చక్రపాణి గారు. ఆయన ఏ ఆటా ఆడిన మనిషి కాదు గానీ, ఆటల రంగంలో పెద్ద పేరే సంపాదించారు. లాక్‌డౌన్‌లో జిల్లా పిల్లలకి ఆన్‌లైన్‌లో ఈత నేర్పించింది ఆయనే. పిల్లలు ఎవరింట్లో వాళ్లు బల్లల మీద బోర్లా పడుకుని, ఫోన్ చూస్తూ కాళ్లూ చేతులూ ఆడించారు. అందరికీ ధ్రువపత్రాలు వచ్చాయి. ఫోన్లు లేనివాళ్లు మాత్రమే ఈత రానివాళ్లుగా మిగిలిపోయారు.

పైడినాయుడు గుమ్మంలోనే నిలబడి సందేహం చెప్పాడు. చక్రపాణి గారు సంతోషించారు. ఆయనకి సందేహమంటే ఇష్టం. సందేహం నుంచి వివరణ పుడుతుంది, వివరణ నుంచి మరో ఉత్తర్వు పుడుతుంది.

"మీరింకా పాత కబడ్డీ మనస్తత్వంలో ఉన్నారు నాయుడు గారూ. అసలు తాకుట అంటే ఏమిటి?"

"సేత్తో ముట్టుకోడవండీ."

"అది స్థూలదృష్టి. తాకుటలో ప్రధానమైనది ఉద్దేశం. ఒక క్రీడాకారిణి తాకదలచినది. ఎదుటి క్రీడాకారిణి తాను తాకబడినట్లు మనస్సాక్షిగా భావించినది. అక్కడితో స్పర్శ సంపూర్ణం. చర్మానికి చర్మం తగలడం కేవలం లాంఛనం. మేము ఆ లాంఛనాన్ని రద్దు చేస్తున్నాం. దీనిని ఇకపై 'భావిత స్పర్శ' అని వ్యవహరించవలెను."

"ఎదరున్న గుంట, నాను భావించలేదు, అన్నాదనుకోండి?"

"అబద్ధమాడే అమ్మాయిని మనం క్రీడాకారిణి అనం."

పైడినాయుడు కాసేపు తలుపు పట్టుకుని ఆలోచించాడు. "మరి కూత, సార్? కబడ్డీ కబడ్డీ అని..."

చక్రపాణి గారి మొహం వెలిగిపోయింది. ఈ కోణం ఆయనకి అప్పటిదాకా తట్టలేదు. "భేష్! తుంపర్లు! కూత ద్వారా తుంపర్లు వెలువడతాయి. కాబట్టి కూతను మనసులో పెట్టవలెను."

"మనసులో పెట్టిందో, మద్దెలో ఆపీసిందో రెఫరీకి ఎలగ తెలుస్తాదండీ?"

"ముఖకవళికలను బట్టి."

"మొహానికి మాస్కుంటాది కదండీ."

చక్రపాణి గారు ఆయన్ని జాలిగా చూశారు. "కళ్లుంటాయి కదా నాయుడు గారూ!"

నాలుగు రోజుల్లో ఆ సంభాషణంతా ఉత్తర్వుగా మారి జిల్లాలోని బడులన్నిటికీ చేరింది.

మొదటి సాధన రోజున జట్టు మాస్కులు పెట్టుకుని, కూత మనసులో పెట్టుకుని బరిలోకి దిగింది. నీలవేణి గీత దాటింది. ఎదురుగా ఝాన్సీ నిలబడింది. ఇద్దరూ ఆరడుగుల దూరంలో ఒకళ్ల కళ్లలోకి ఒకళ్లు చూసుకున్నారు. అలా చాలాసేపు గడిచింది. గేటు దగ్గర మేక ఒకటి అరిచింది.

"నిన్ను ముట్టుకున్నాను. సెయ్యెత్తు," అంది నీలవేణి.

"నువ్వెప్పుడు ముట్టుకున్నావే? నాకేటీ అనిపించలేదు."

"అనిపించకపోతే నాదేటి తప్పు? నీకు మనస్సాచ్చి లేదు."

"ఓలమ్మ! నీకున్నాదేటి? కూత ఎప్పుడో ఆపీసినావు, నీ కళ్లే సెప్తన్నాయి!"

పిల్లలందరూ నవ్వలేక కింద కూలబడ్డారు. పైడినాయుడు మాత్రం నవ్వలేదు. సీటు రావాలంటే గెలవాల్సింది ఈ ఆటలోనే.

ఆ రోజే లెక్కల ప్రత్యేక తరగతికి పిల్లల్ని లోపలికి తోలుతుంటే, నీలవేణి ఆయన దగ్గర ఆగింది. గదిలో బెంచీలన్నీ నిండిపోయి, మిగిలినవాళ్లు కింద ఒకళ్ల వీపుకి ఒకళ్లు ఆనుకుని కూర్చున్నారు.

"మాస్టారూ, లెక్కల కాడ నాకూ ఝాన్సీకీ మద్దెన గాలి కూడా దూరదు. బయట ఆడేటప్పుడే ఆరడుగులేటండీ?"

అది ఆయనకీ అర్థం కాలేదు. ధైర్యం చేసి సత్యానందం గారినే అడిగాడు.

"అది పాఠ్యం, ఇది సహపాఠ్యం," అన్నారు ఆయన. "పాఠ్యానికి ఎడం పాటిస్తే సిలబస్ పూర్తి కాదు. ఆటలకి సిలబస్ ఏదయ్యా?"

తర్వాత 'మళ్లీ మైదానానికి' ప్రారంభోత్సవం వచ్చింది. కొత్తమెట్ట పిల్లల్ని ఒక్క వ్యానులో కుక్కి జిల్లా కేంద్రానికి తీసుకెళ్లారు. అతిథులకి పూలు చల్లడానికి దారికి రెండువైపులా భుజం భుజం తగిలేలా నిలబెట్టారు. ఎడంగా నిలబెడితే ఫొటోలో వరస ఒత్తుగా కనిపించదట. మధ్యాహ్నం దాటాక పెద్దలు వచ్చారు. కరోనాలో కలుసుకోలేకపోయిన మనుషులు కాబట్టి గట్టిగా కౌగలించుకున్నారు. మాస్కులు గడ్డాల కింద పెట్టుకున్నారు. శాలువాలు కప్పుకున్నారు, చెవుల్లో రహస్యాలు చెప్పుకున్నారు. ఎడం ఎందుకు అవసరమో చక్రపాణి గారు మైకులో చెబుతుంటే, ముందు వరసలో కుర్చీ కోసం ఇద్దరు తోసుకున్నారు. ఎండకి కళ్లు తిరిగి పడబోయిన ఒక పిల్లని ఝాన్సీ పట్టుకుంటే, ఒక గుమస్తా పరుగున వచ్చి, తాకవద్దని మందలించి వెళ్లాడు.

ఆ తతంగమంతా చూశాక పైడినాయుడికి ఒళ్లు మండింది. గవర్నమెంటు జీతం తీసుకునే మనిషి మంట ఎక్కడ చల్లార్చుకోవాలో అక్కడే చల్లార్చుకున్నాడు. ఆ ఆదివారం పిల్లల్ని సముద్రపొడ్డుకి తీసుకెళ్లి ఇసకలో గీత గీశాడు.

"మాస్కులు తీసీండి. కూత గట్టిగా పెట్టండి. ఈ పక్కకి ఏ ఆఫీసరూ రాడు."

చాలా నెలల తర్వాత ఆ పిల్లలు గొంతెత్తి అరిచారు. పట్టుకున్నారు, పడ్డారు, ఇసక ఉమ్మారు, ఒకళ్ల మీద ఒకళ్లు పడి లేవలేక నవ్వారు. ఒకరి చేతులొకరు గొలుసుగా పట్టుకుని మిగతా ఆరుగురూ కమ్ముకుంటే నీలవేణి వాళ్లని గీతదాకా ఈడ్చుకొచ్చింది. ఆ రోజు నుంచీ బళ్లో ముట్టుకోని కబడ్డీ, ఒడ్డున అసలు కబడ్డీ. ఒకటి సీటు కోసం, ఒకటి ప్రాణం కోసం.

జిల్లా పోటీలు కాలేజీ మైదానంలో పెట్టారు. న్యాయనిర్ణేతలుగా ఒక నాట్యాచార్యుడూ, ఒక ఆరోగ్యాధికారీ, వ్యక్తిత్వ వికాసం మీద ఉపన్యాసాలిచ్చే ఒకాయనా వచ్చారు. కబడ్డీ తెలిసినవాళ్లని పిలిస్తే పాత మనస్తత్వంతో పాయింట్లు వేస్తారని చక్రపాణి గారు జాగ్రత్తపడ్డారు. పాయింట్లు మూడు రకాలు: ఉద్దేశ తీవ్రతకి, నేత్రాభినయానికి, నిజాయతీకి. ముట్టుకున్నారని తనంతట తాను ఒప్పుకున్న పిల్లకి నిజాయతీ పాయింటు. అంటే ఓడిపోయినట్టు ఒప్పుకున్నవాళ్లకే ఎక్కువొస్తాయి.

దీన్ని అందరికంటే ముందు కనిపెట్టింది పట్నంలోని రత్నదీప్తి స్కూలు. వాళ్లు కబడ్డీకి డాన్సు మాస్టర్ని పెట్టుకున్నారు. వాళ్ల కెప్టెన్ ఐశ్వర్య చిన్నప్పట్నుంచీ నాట్యం నేర్చుకున్న పిల్ల. కనుబొమ్మ ఎత్తితే చాలు, ఎదుటి జట్టు తాకబడినట్టే ఉండేది. వాళ్ల పిల్లలు ఎవరూ తాకకుండానే నడుం మీద చెయ్యేసుకుని, గాలిలో ఒక సుడి తిరిగి, నెమ్మదిగా నేలకి ఒరిగిపోయేవారు. నాట్యాచార్యుడు కళ్లు తుడుచుకున్నాడు.

మిగతా జట్లకీ ఈ కిటుకు తెలియకపోవడంతో, ఫైనల్స్‌లో రత్నదీప్తికి ఎదురుగా కొత్తమెట్ట నిలిచింది. మొదటి సగంలో కొత్తమెట్ట ఘోరంగా వెనకబడింది. ఎవరూ ముట్టుకోనప్పుడు ముట్టుకోలేదని చెప్పడమే వాళ్లు చేసిన తప్పు. విరామంలో పైడినాయుడు జట్టుని చుట్టూ కూర్చోబెట్టుకున్నాడు. ఆ మాట చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు.

"అబద్దం ఆడమంటారేటి మాస్టారూ?" అంది ఝాన్సీ తనే.

"నిజాయతీ పాయింటు రావాలంటే ఆడాలమ్మా."

ఝాన్సీ తలూపి వెళ్లింది. రెండో సగంలో ఐశ్వర్య గీత దాటకముందే ఝాన్సీ చెయ్యెత్తి, "నన్ను ముట్టుకున్నారు!" అని అరిచింది. న్యాయనిర్ణేతలు ఒకరి చెవిలో ఒకరు మాట్లాడుకుని ముందస్తు నిజాయతీకి అదనపు పాయింటు ఇచ్చారు. కొత్తమెట్ట జట్టు మొత్తం వరసపెట్టి ఒప్పేసుకుంది. లెక్క సమానమైంది. మిగిలింది ఒక్క కూత. నీలవేణి వెళ్లాలి.

వేదిక ఆ రోజు చాలా పొడుగ్గా ఉంది. టీవీవాళ్లు వస్తున్నారని పెద్దల కుర్చీల మధ్య ఆరడుగుల ఎడం పెట్టించారు చక్రపాణి గారు. పెద్దలు చాలామంది కావడంతో, బల్లలు కలుపుకుంటూ పోతే వేదిక మైదానం దాటి ప్రహరీ పక్కన మురుగు కాలవ మీదికి వెళ్లింది. సరిగ్గా నీలవేణి గీత దగ్గరికి నడిచే సమయానికి ఒక నాయకుడు ఆలస్యంగా వచ్చారు. ఆయనకి మధ్యలో కుర్చీ వెయ్యాలి కాబట్టి అందరూ ఒక్కో కుర్చీ జరిగారు. చివర నిలబడి మైకులో వ్యాఖ్యానం చెబుతున్న చక్రపాణి గారి మీదికి పక్కనున్న ఆయన జరిగొచ్చాడు.

"ఎడం! ఎడం పాటించండి!" అంటూ చక్రపాణి గారు వెనక్కి అడుగేశారు. మళ్లీ ఒక అడుగు. మూడో అడుగుకి బల్ల లేదు.

మురుగు నడుం దాకా వచ్చింది. అడుగున బురద ఉండడంతో ఆయన కదిలినకొద్దీ ఛాతీ దాకా వచ్చింది. మైకు చేతిలోనే ఉంది.

"పట్టుకోండి!" అని మైదానమంతా వినిపించింది. "ఎవరైనా పట్టుకోండి!"

పెద్దలు లేచి వేదిక అంచు దాకా వచ్చి, తగినంత దూరంలో ఆగిపోయారు. ఆరోగ్యాధికారి మురుగులో ఏమేం ఉండవచ్చో పక్కవాళ్లకి చెబుతున్నాడు. సత్యానందం గారు జేబులోంచి ఉత్తర్వు తీసి, ఇలాంటి సందర్భం గురించి ఏమైనా ఉందేమోనని వెతుకుతున్నారు.

పైడినాయుడు కాలవ గట్టుకి పరుగెత్తాడు. కావాలని అడగలేదు, ఆ మాట దానంతటదే నోట్లోంచి వచ్చేసింది. "సార్, ముట్టుకోమంటారా, భావించమంటారా?"

"వెధవ ప్రశ్నలు! చెయ్యివ్వండి!"

ఆయన చెయ్యి అందలేదు. ఆలోగా పక్కనుంచి నీలవేణి దూకుడుగా వచ్చి గట్టు మీద బోర్లా పడి చక్రపాణి గారి మణికట్టు పట్టేసింది. మట్టి జారి ఆ పిల్ల కూడా కాలవలోకి పోతుంటే, ఝాన్సీ దాని నడుం పట్టుకుంది. ఝాన్సీని ఇంకో పిల్ల, ఆ పిల్లని ఇంకొకత్తి. ఏడుగురూ గొలుసు కట్టారు.

"కబడ్డీ కబడ్డీ కబడ్డీ..." ఎవరు మొదలెట్టారో తెలియదు. అందరూ ఒక్క గొంతుతో గట్టిగా కూత పెట్టారు. చక్రపాణి గారు ఒక్కో జానెడే పైకి లేచి, చివరికి ఒక్క ఊపుతో గట్టు మీద పడ్డారు. జనం ఈలలు వేశారు. రత్నదీప్తి పిల్లలు కూడా చప్పట్లు కొట్టారు.

అరగంట తర్వాత చక్రపాణి గారు ముఖ్య అతిథి కోసం తెచ్చిన శాలువా చుట్టుకుని, న్యాయనిర్ణేతలతో సంప్రదించి, మైకు తీసుకున్నారు.

"వ్యక్తిగతంగా నేను ఈ చిన్నారులకు కృతజ్ఞుణ్ని. అయితే ఆట ఇంకా కొనసాగుతుండగా, కొత్తమెట్ట జట్టు సామూహికముగా స్పర్శకు పాల్పడినట్లును, బహిరంగముగా కూత పెట్టినట్లును రుజువైనది. నిబంధనలు నా ప్రాణం కంటే గొప్పవి. కాబట్టి సదరు జట్టును అనర్హులుగా ప్రకటిస్తున్నాము."

"ప్రాణం కంటే గొప్పయితే, అక్కడే ఉండాల్సింది కదండీ!" అంది నీలవేణి. మాస్కు మురుగులో పోయింది కాబట్టి ఆ మాట అందరికీ స్పష్టంగానే వినిపించింది. క్రమశిక్షణ లేదని అందుకు ఇంకో పాయింటు తీసేశారు. అనర్హులైన జట్టుకి పాయింట్లు ఎలా తీస్తారని ఎవరూ అడగలేదు.

సీట్లు రత్నదీప్తికి వెళ్లాయి. పైడినాయుడికి సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. తిరుగు ప్రయాణంలో నీలవేణి వ్యాను కిటికీకి తల ఆనించుకుని కూర్చుంది. మర్నాటి నుంచి బడికి రాలేదు. ఆయన కార్ఖానాకి వెళ్లి చూస్తే, దాలమ్మ పక్కన పీట మీద కూర్చుని పిక్కలు కొడుతోంది. తలెత్తి చూసి మళ్లీ దించుకుంది. ఆయన గుమ్మంలోంచే వెనక్కొచ్చేశాడు.

పోటీలు అయిపోయాక ఉత్తర్వుని రద్దు చేశారు. వచ్చినప్పుడు చేసినంత చప్పుడు పోయినప్పుడు చెయ్యలేదు. వసతి గృహంలో కోచ్‌గా కాంతామణి అనే ఆవిడ చేరింది. ఒకప్పుడు రాష్ట్రానికి ఆడిన మనిషి. కొత్తగా వచ్చిన పిల్లల్ని చూసి, మొదటి రోజే బరిలోకి దింపి, అసలు కబడ్డీ ఆడించింది. ఐశ్వర్య కనుబొమ్మ ఎత్తింది. సాధన కోసం కాంతామణి వెంట తెచ్చిన సీనియర్ పిల్ల ఆ అమ్మాయి చీలమండ పట్టి లాగి పడేసింది. "నన్ను నిజంగానే ముట్టుకుంది!" అని ఐశ్వర్య ఏడ్చింది. ఐశ్వర్యని తప్పుపట్టడానికి లేదు. ఆమెకి డాన్సు మాస్టరు నేర్పిన ఆటలో అలాంటిది లేదు. సాయంత్రానికి తల్లిదండ్రులు కార్లలో వచ్చి పిల్లలందర్నీ తీసుకెళ్లిపోయారు.

గెలిచిన జట్టు వెళ్లిపోయిందని రాస్తే 'మళ్లీ మైదానానికి' విఫలమైందని రాసినట్టవుతుంది. అప్పటికే దానికి అవార్డు ప్రకటించేశారు. చక్రపాణి గారు రాత్రికి రాత్రే దారి కనిపెట్టారు. వెళ్లిపోయిన పిల్లలు శరీరరీత్యా లేకపోయినా ఉద్దేశరీత్యా వసతి గృహంలోనే ఉన్నారు కనుక వారిని 'భావిత హాజరు' కింద పరిగణించవలెను.

మూడో రోజున కాంతామణి పైడినాయుడికి ఫోన్ చేసింది. పోటీల రోజు ఆవిడ జనంలో నిలబడి చూసిందట.

"నాయుడు గారూ, మురుగులోంచి ఆ పెద్దమనిషిని లాగిన గుంట ఎక్కడున్నాది?"

"జీడి కార్ఖానాలో ఉందండీ."

"పంపించండి. నా దగ్గర మంచాలన్నీ రికార్డులో నిండిపోయాయి, నిజంగా ఖాళీగా ఉన్నాయి. రికార్డులో ఐశ్వర్య అని ఉంది. ఈ పిల్ల ఆ మంచం మీద పడుకుంటాది, ఆ కంచంలో తింటాది, ఆ పేరుకి పలుకుతాది. అడిగేవాడు ఎవడూ లేడు. అడిగితే ఆ ఐశ్వర్య ఏదని అడగాల్సొస్తాది కదా!"

పైడినాయుడు ఆ రాత్రి నిద్రపోలేదు. అది తప్పని తెలుసు. ఏది తప్పో తేల్చే అధికారం చక్రపాణి గారిదని కూడా తెలుసు. తెల్లారి దాలమ్మ ఇంటికి వెళ్లి, సీటొచ్చిందని మాత్రం చెప్పాడు. నీలవేణికి మిగతాది దారిలో బస్సులో చెప్పాడు.

"పేరు మార్చుకోవాలేటండీ?" అందా పిల్ల.

"ఆట మార్చుకోనక్కర్లేదు."

నీలవేణి కిటికీలోంచి బయటికి చూసింది. "ఆడతాను," అంది.

ఆ ఏడాది చివర్లో రాష్ట్ర పోటీలు జరిగాయి. మిగతా మంచాల్ని కూడా కాంతామణి ఇదే పద్ధతిలో నింపుకుని తయారుచేసిన జిల్లా జట్టు గెలిచింది. ఉత్తమ రైడరు పతకం మన జిల్లా పిల్లకే వచ్చింది. 'మళ్లీ మైదానానికి' రూపకర్తగా చక్రపాణి గారే పతకం వేశారు. మైకులో "ఐశ్వర్య!" అని పిలవగానే నీలవేణి వెళ్లి నిలబడింది. ఆయన చెయ్యి కలిపి, ఆ పట్టుకి ఒక్క క్షణం ఉలిక్కిపడ్డారు. "నిన్నెక్కడో చూశానమ్మా!" అన్నారు. నీలవేణి నవ్వింది. భావిత స్పర్శ పద్ధతిలో తర్ఫీదు పొందిన ఈ బాలికే తమ కృషికి సజీవ సాక్ష్యమని ఆయన విలేకరులకి చెప్పారు.

మర్నాడు మధ్యాహ్నం దాలమ్మ కార్ఖానా నుంచి అలాగే బడికి వచ్చింది. చేతిలో పేపరుంది. సత్యానందం గారి గదిలో ఉన్న పైడినాయుడి ముందు దాన్ని పరిచింది. బొమ్మలో నీలవేణి పతకం పట్టుకుని నవ్వుతోంది.

"మాస్టారూ, ఇది మా గుంటే కదండీ?"

"నీ గుంటే దాలమ్మా."

దాలమ్మ నల్లబడ్డ వేలితో బొమ్మ కింద అక్షరాల మీద తట్టింది. "నాకు సదువు రాదు గానీ మా గుంట పేరు ఎలగుంటాదో తెలుసు. పలక మీద అది రాస్తంటే రోజూ సూసేదాన్ని. ఇది ఆ పేరు కాదు. ఇదెవుల పేరండీ?"

పైడినాయుడు చెప్పాడు. సీటు దగ్గర్నుంచి పతకం దాకా ఏదీ దాచకుండా చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆయన కళ్లు పేపరు మీదే ఉన్నాయి. దాలమ్మ తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"గెలిసింది ఇదేనా? నిజంగా ఆడి గెలిసిందా?" అంది ఆవిడ చివరికి.

"నిజంగా ఆడే గెలిచింది. అందర్నీ ముట్టుకుని గెలిచింది."

"కత్తెర ఉన్నాదేటండీ?"

సొరుగులోంచి తీసిచ్చాడు. దాలమ్మ కుర్చీలో కూర్చోకుండా, నిలబడే, బొమ్మ అంచు వెంబడి మెల్లగా కత్తిరించింది. పేరున్న ముక్క తెగి బల్ల మీద పడింది. బొమ్మని మడత పడకుండా పమిట కొంగులో పెట్టుకుని, పనికి వేళవుతోందని వెళ్లిపోయింది.

సత్యానందం గారు బల్ల మీద మిగిలిన ముక్కని జాగ్రత్తగా తీసి, గాలికి ఎగిరిపోకుండా అరచేత్తో నొక్కి పట్టుకుని, ఫైలు తెప్పించుకుని అందులో అంటించారు. రికార్డుకి కావలసింది అదే.